సైదాబాద్‌లో కూర్చుని సముద్రం వెయ్యడం ఎలా?

సైదాబాద్ నుంచి సముద్రం చూడాలంటే మూడు వందల కిలోమీటర్ల పైనే పోవాలి. మరి ఇక్కడే ఉండి ఆయిల్ పెయింట్స్‌లో తీరం, దూరంగా గోపురాలు వెయ్యడం నేర్చుకోవచ్చా? నేర్చుకోవచ్చనే నేనంటాను. ఎలాగో చరిత్రలోంచే చూద్దాం.

1697లో వెనిస్‌లో కానలెట్టో పుట్టాడు. నాన్న నాటకాల తెరలకు బొమ్మలు వేసేవాడు. కొడుకు చెయ్యి తిరిగింది కూడా ఆ పనిలోనే. నాలుగడుగుల వెనకున్న గుడ్డ మీద ఊరంత దూరం చూపించాలి, అదీ ఆ పని! తర్వాత ఆయన వెనిస్ నీళ్లనీ, గోపురాలనీ ఆయిల్‌లో వేస్తే, ఊరు చూడ్డానికొచ్చిన ఇంగ్లీషు ధనవంతులు కొని తీసుకెళ్లేవాళ్లు. 1740ల్లో యుద్ధం వల్ల ఆ టూరిస్టులు తగ్గిపోయారు. దాంతో 1746లో ఆయనే ఇంగ్లండ్ వెళ్లాడు.

ఆయన పేరుమీదున్న వెనిస్ చిత్రం ఒకటి మన సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. సైదాబాద్ నుంచి నాలుగైదు కిలోమీటర్లే!

ఇప్పుడు అసలు పాఠం. దూరంగా ఉన్న గోపురాన్ని చిన్నగా వేస్తే చాలదు. మధ్యలో ఉన్న గాలిని కూడా వెయ్యాలి. దూరమయ్యేకొద్దీ వస్తువు నీలంగా, అంచులు మసగ్గా కనిపిస్తాయని లియొనార్డో డావిన్సీ ఎప్పుడో రాసుకున్నాడు. నమ్మకపోతే పొద్దున్నే డాబా ఎక్కి చూడండి. పక్కింటి నీళ్ల ట్యాంకు నల్లగా ఉంటుంది. మలక్‌పేట వైపు అపార్ట్‌మెంట్ల మీదున్నవీ నల్ల ట్యాంకులే, కానీ బూడిద నీలంగా కనిపిస్తాయి. గోపురం కూడా అంతే. దాని రంగులో కొంచెం ఆకాశం రంగు కలపండి, నలుపు జోలికి పోకండి. ఆయిల్ నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి, తడి మీదే పొడి బ్రష్షుతో అంచుల్ని మెత్తగా చెయ్యొచ్చు. కింది పొరలో అవిసె నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ వాడండి. తిరగేస్తే రంగు పగుళ్లిస్తుంది.

నా బాధల్లా ఒకటే. ఇంత దగ్గర్లో అసలు ఆయిల్ చిత్రాలు పెట్టుకుని, మనం ఫోన్‌లో ఫొటో జూమ్ చేసి కాపీ కొడుతున్నాం. అలా చేస్తే గీతలొస్తాయి, గాలి రాదు. రంగు ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ పలచగా ఉందో స్క్రీన్ చెప్పదు. ఈ ఆదివారం మ్యూజియానికి వెళ్లి, ఒక్క చిత్రం ముందు పది నిమిషాలు నిలబడండి. దూరం ఎక్కడ మొదలైందో వెతకండి.