ఇల్లు అక్కడ, సొమ్ము ఇక్కడ

హైదరాబాద్‌లో జీతం తీసుకునే మనిషి దుబాయ్‌లో ఫ్లాట్ కొనాలనుకుంటే బ్యాంకులో ఫారం నింపి, పాన్ నంబరు రాసి, ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపుకోవచ్చు. డాలస్‌లో స్థిరపడ్డ ఎన్నారై విజయవాడలో తండ్రి వదిలిన ఇల్లు అమ్మితే, పన్ను కట్టాక ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా తీసుకెళ్లవచ్చు. ఈ అంకెలు ఇళ్ల ధరలను చూసి వేసినవని ఎవరైనా అనుకుంటారు. స్థిరాస్తి సొమ్ము దేశం దాటే దారి ఎప్పుడు వెడల్పయిందో, ఎప్పుడు ఇరుకయిందో వరుసగా చూస్తే మాత్రం సంగతి వేరుగా కనిపిస్తుంది. ఆ దారిని కొలిచిన కొలబద్ద చాలాకాలం ఒక్కటే, రిజర్వు బ్యాంకు దగ్గరున్న విదేశీ మారక నిల్వ.

మొదట్లో ఈ దారికి అడ్డే లేదు. నాటుకోట్టై చెట్టియార్లు రంగూన్‌లో వడ్డీ వ్యాపారం చేసిన రోజుల్లో సొమ్ము హుండీల మీద నడిచేది. ఒక ఊరి కొట్లో కట్టింది మరో ఊరి కొట్లో ముట్టేది; ప్రయాణం కాగితానిదే, నాణేలది కాదు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం, అక్కడ చెలామణి అయ్యేదీ రూపాయే. కనుక అది విదేశమన్న లెక్కే లేదు. 1930ల మాంద్యంలో వడ్ల ధర కుప్పకూలి రైతులు బాకీలు తీర్చలేకపోవడంతో తాకట్టు భూములు చెట్టియార్ల పరమయ్యాయి. దిగువ బర్మాలోని 13 ముఖ్యమైన వరి జిల్లాల సాగుభూమిలో 1930లో సుమారు 6 శాతంగా ఉన్న వాళ్ల వాటా 1938 నాటికి 25 శాతానికి చేరింది. వాళ్లు భూమి కోసం వెళ్లినవాళ్లు కారు; అప్పిచ్చిన సొమ్ము తిరిగిరాక భూమిగా మారి అక్కడే ఉండిపోయింది. 1942లో జపాన్ సైన్యం రావడంతో భారతీయులు లక్షల్లో పారిపోయి వచ్చారు. కోస్తా జిల్లాల నుంచి కూలికి వెళ్లిన తెలుగువాళ్లూ వాళ్లలో ఉన్నారు. 1948లో స్వతంత్ర బర్మా భూముల జాతీయకరణ చట్టం చేసింది. సొమ్ము వెళ్లినప్పుడు లేని సరిహద్దు, తిరిగి రావలసినప్పుడు మొలిచింది.

ఇక మన వైపు గేటు పెట్టింది రెండో ప్రపంచయుద్ధం. 1939 సెప్టెంబరులోనే భారత రక్షణ నిబంధనల కింద విదేశీ మారకం మీద అదుపు వచ్చింది. అమెరికాలో సరుకు కొనడానికి బ్రిటన్‌కు డాలర్లు కావాలి, సామ్రాజ్యంలో ఎవరు సంపాదించిన డాలరైనా ఉమ్మడి నిధిలో పడాలి. యుద్ధం ముగిసినా అదుపు పోలేదు, 1947లో చట్టమైంది. 1973లో చేసి 1974 జనవరి 1 నుంచి అమలుచేసిన ఫెరా (విదేశీ మారక నియంత్రణ చట్టం) దాన్ని ఇంకా బిగించింది. రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా ఇక్కడివాళ్లు బయట స్థిరాస్తి కొనకూడదు, విదేశీ పౌరులు ఇక్కడ కొనకూడదు. మీరితే జైలు. ఇదంతా సోషలిస్టు ఢిల్లీ మొండితనమని కొట్టిపారేసేవాళ్లున్నారు. అయితే పెట్టుబడిదారీ బ్రిటన్ కూడా తన పౌరుల మీద ఇలాంటి అదుపునే 1979 అక్టోబరు దాకా ఉంచుకుంది. స్పెయిన్‌లో ఇల్లు కొనదలచిన లండన్ మనిషికి మామూలు రేటుకు కరెన్సీ దొరికేది కాదు. అలాంటి కొనుగోళ్లకని విడిగా ఉంచిన కరెన్సీని అదనపు ధరకు కొనాల్సి వచ్చేది. థాచర్ ప్రభుత్వం దాన్ని ఎత్తేసిందంటే సిద్ధాంతం మారిన మాట నిజమే. కానీ అప్పటికి ఉత్తర సముద్రపు చమురు పౌండుకు దన్నుగా నిలిచింది. ఆ ధీమా లేనప్పుడు ఏ పార్టీ ప్రభుత్వమూ ఆ సాహసం చేయలేదు.

మన దగ్గర ముందు తెరుచుకున్నది లోపలికొచ్చే దారి. విదేశాల నుంచి పంపిన సొమ్మును మళ్లీ బయటికి తీసుకెళ్లే వీలుతో 1970లో ఎన్నారై ఖాతాలు, 1975లో విదేశీ కరెన్సీ డిపాజిట్లు మొదలయ్యాయి. గల్ఫ్ దేశాల చమురు సంపాదన మీద ఢిల్లీ కన్ను పడిన కాలమది. తీరా 1991 సంక్షోభంలో ముందుగా వెళ్లిపోయిన సొమ్ముల్లో ఆ డిపాజిట్లూ ఉన్నాయి. దేశం బంగారం తాకట్టు పెట్టింది. ఆ భయం తీరి నిల్వ పెరిగాకే చట్టం మెత్తబడింది. 2000 జూన్ 1న ఫెరా స్థానంలో ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) అమల్లోకి వచ్చి, నేరంగా ఉన్నదాన్ని జరిమానాతో పోయే తప్పుగా మార్చింది. 2003 డిసెంబరులో నిల్వ 10,000 కోట్ల డాలర్లు దాటింది. 2004 ఫిబ్రవరిలో ఇక్కడివాళ్లు బయట ఆస్తి కొనడానికి కూడా పనికొచ్చేలా ఏడాదికి 25,000 డాలర్లు పంపుకోనిచ్చారు. డాలర్లు వరదలా వచ్చి రూపాయి బలపడిపోతున్న 2007 నాటి వేగం ఇంకా చిత్రం. అంతకు ముందరి డిసెంబరులో 50,000 అయిన పరిమితి సెప్టెంబరు నాటికి 2,00,000 అయింది. వచ్చిన డాలర్లను ఎలాగోలా బయటికి పంపాలన్నదే రిజర్వు బ్యాంకు తాపత్రయం. 2013లో రూపాయి జారిపోతుంటే ఆగస్టులో అదే బ్యాంకు పరిమితిని 75,000కు కోసి, ఆ సొమ్ముతో బయట స్థిరాస్తి కొనడాన్ని పూర్తిగా ఆపేసింది. గండం గడిచాక 2014లో 1,25,000 చేసి ఇళ్లకు మళ్లీ ఒప్పుకుంది, 2015లో 2,50,000 చేసింది. ఈ ఎత్తుపల్లాలకూ దుబాయ్‌లోనో లండన్‌లోనో ఇళ్ల ధరలకూ సంబంధమేమీ లేదు.

అన్నీ నిల్వ లెక్కలే అయితే, డాలర్లు తెచ్చి వ్యవసాయ భూమి కొంటానన్న ఎన్నారైని ఎందుకు వద్దంటారన్న ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. పొలం, తోట, ఫామ్‌హౌస్ ఎన్నారై కొనడానికి వీల్లేదు, దానంగా పుచ్చుకోవడానికీ వీల్లేదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, అమ్మితే దేశంలో ఉండే భారత పౌరుడికే అమ్మాలి. ఇక్కడ నా కొలబద్ద పనిచేయదు. ఈ నిషేధం వేరు భూమిని సరుకుగా చూడని రాజకీయాల్లో ఉంది, సేద్యం చేయనివాడి చేతికి పొలం పోకూడదన్న భూసంస్కరణల నాటి పట్టుదలలో ఉంది. అందుకే నిల్వ ఎంత పెరిగినా ఇది సడలలేదు.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. 2024లో నిల్వ 70,000 కోట్ల డాలర్లు దాటింది, 2015 నాటి పరిమితి మాత్రం అలాగే ఉంది. పైగా పంపే సొమ్ము మీద ముందుగా వసూలు చేసే పన్ను పెరిగింది. 2020 అక్టోబరులో ఏడాదికి 7 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 5 శాతంతో మొదలై, ఆస్తి కొనుగోలు లాంటి వాటికి 2023 అక్టోబరు నుంచి 20 శాతమైంది. ఆ 7 లక్షలు 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షలు. రిటర్ను దాఖలు చేసినప్పుడు సర్దుబాటవుతుంది కాబట్టి ఇది నికరమైన భారం కాదు. కానీ ఇంటి ధరలో అయిదో వంతుకు దగ్గరగా అదనపు సొమ్ము నెలల తరబడి ఖజానాలో ఇరుక్కుంటుంది. దీన్నిబట్టి ప్రభుత్వం ఆరా మారిందని నాకనిపిస్తుంది. డాలర్లు ఎన్ని పోతున్నాయన్నది ఇప్పుడు రెండో ప్రశ్న. పంపే మనిషి ఆదాయపు పన్ను లెక్కల్లో అంత సొమ్ము కనిపిస్తోందా అన్నది మొదటిది.

ఈ కొత్త ఆరా ఎక్కువగా తగిలేది అమ్మకాల దగ్గర. ఇక్కడే ఉండే మనిషి నుంచి 50 లక్షలు, ఆపైన విలువైన ఇల్లు కొంటే కొనుగోలుదారు ధరలోంచి ముందుగా కోసుకోవాల్సిన పన్ను (టీడీఎస్) ఒక్క శాతం. అమ్మేది ఎన్నారై అయితే మూలధన లాభాల రేటున కోయాలి. తక్కువ కోతకు అధికారి నుంచి ధ్రువపత్రం తెచ్చుకోకపోతే తరచుగా మొత్తం ధర మీదే కోస్తారు. ఆ తర్వాత చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం చేస్తేనే బ్యాంకు సొమ్ము పంపుతుంది. ఇంత బిగింపు వల్లే జనం హవాలా దారి పడుతున్నారనే వాదన సగమే నిజం. ఫెరా పోయి పాతికేళ్లయినా హవాలా పోలేదు, ఎందుకంటే మన దగ్గర ఇంటి ధరలో కొంత బ్లాక్‌లో చేతులు మారుతుంది, రిజిస్ట్రేషన్ కాగితంలో మిగతాదే ఉంటుంది. కాగితంలో లేని ఆ భాగాన్ని ఏ బ్యాంకూ సరిహద్దు దాటించదు. అమెరికాలో స్థిరపడి ఇక్కడ ఫ్లాట్ అమ్ముకునే మనిషి పూర్తి ధర దస్తావేజులో రాయాలని పట్టుబడితే, బేరం తెగేది చాలావరకు అక్కడే.