రెడ్ స్టార్‌కు రాసిన సెలవు

సావనీరు అంటే ఒక వరస ఉంటుంది. ముందు వ్యవస్థాపకుల ఫోటో, ఆ తరవాత అధ్యక్షుల జాబితా, గెలిచిన కప్పులు, కట్టించిన కట్టడాలు. ఎక్కడో చివర్న నల్లగీతల మధ్య అమరుల పేజీ. పారిస్‌ను ఆనుకుని ఉత్తరాన ఉన్న సాంతువాన్ పట్టణపు రెడ్ స్టార్ ఫుట్‌బాల్ క్లబ్బుకు 2022లో 125 ఏళ్ళు నిండాయి. దాని చరిత్రనూ ఇదే వరసలో చెప్పుకోవచ్చు, చెప్పుకోవడానికి సరుకూ ఉంది. అయితే అక్కడి అభిమానులు మాత్రం పుస్తకాన్ని చివరి పేజీ నుంచే తెరుస్తారు. వాళ్ళు నిలబడి గొంతు చించుకునే స్టాండుకు ఉన్నది అధ్యక్షుడి పేరు కాదు, కప్పు తెచ్చిన కెప్టెన్ పేరూ కాదు. ఆ పేరు గలవాడు క్లబ్బు తరఫున ఆడిన మ్యాచ్‌లను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అతను రీనో దెల్లా నెగ్రా.

ముందు క్లబ్బు సంగతి. 1897లో పారిస్‌లో దీన్ని స్థాపించిన జూల్స్ రిమెకు అప్పుడు 23 ఏళ్ళు. తరవాతి కాలంలో 1921 నుంచి 1954 దాకా ఫిఫా అధ్యక్షుడిగా ఉండి, 1930లో తొలి ప్రపంచ కప్పు జరిపించింది ఈయనే. డబ్బున్న దొరబిడ్డలకే ఆటలన్న ఆ రోజుల్లో, జేబు తడమకుండా ఎవరినైనా చేర్చుకునే క్లబ్బు కావాలన్నది ఆయన పట్టుదల. రిమె ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఒక ఇంగ్లీషు ఆవిడ, తాను విన్న ఓడల కంపెనీ పేరు మీదుగా 'రెడ్ స్టార్' అని సూచించిందని చెప్పుకుంటారు. పేరులో ఎరుపున్నా చొక్కాలు మాత్రం ఆకుపచ్చ.

1909లో క్లబ్బు సాంతువాన్‌కు చేరింది. ఫ్యాక్టరీలు, కూలీల ఇళ్ళు, మధ్యలో మైదానం. 1921, 1922, 1923లలో వరసగా మూడుసార్లు ఫ్రెంచ్ కప్పు ఇంటికి తెచ్చింది. 1928లో మళ్ళీ గెలిచింది. 1932లో ప్రొఫెషనల్ లీగ్ మొదలైనప్పుడు తొలి జట్లలో ఇదొకటి. అయిదో కప్పు 1942లో వచ్చింది. అప్పటికి పారిస్ జర్మన్ సైన్యం చేతిలో ఉంది.

అదే 1942 మే నెలలో సాంతువాన్ డాక్టరు జాన్-క్లోద్ బవేర్‌ను జర్మన్లు కాల్చి చంపారు. కమ్యూనిస్టు, ప్రతిఘటన ఉద్యమకారుడు. పారిస్ పడమట మోంట్ వలేరియన్ కొండ మీదున్న కోటలో ఆ పని జరిగింది. మైదానం ముందు వీధికి తరవాత ఆయన పేరే పెట్టారు. ఆ వీధి పేరుతోనే జనం మైదానాన్ని కూడా 'బవేర్' అనడం మొదలుపెట్టారు. ఆ కొండ నుంచి ఇదే మైదానానికి ఇంకో పేరు రావలసి ఉంది.

రీనో 1923 ఆగస్టు 18న ఉత్తర ఫ్రాన్స్‌లోని విమీలో పుట్టాడు. తల్లిదండ్రులు ఇటలీ నుంచి బతకడానికి వచ్చినవాళ్ళు. అతనికి మూడేళ్ళప్పుడు ఆ కుటుంబం పారిస్ దగ్గరి అర్జాంతయ్‌కు మారింది. ఇటలీ వలస కుటుంబాలు గుంపుగా ఉండే పేట అది. 14 ఏళ్ళకే పక్క ఊరు ఆనియేర్‌లో, షోసాన్ కంపెనీ ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. పొద్దంతా ఇనుముతో కుస్తీ, పని దిగాక బంతి. కుడి అంచున ఆడేవాడు, పరుగులో దిట్ట. అర్జాంతయ్ క్లబ్బుల్లో పేరు తెచ్చుకున్నాక 1943లో రెడ్ స్టార్ అతన్ని తీసుకుంది. ఆ సీజన్‌కు ప్రభుత్వం క్లబ్బుల నుంచి ప్రొఫెషనల్ ఆటగాళ్ళను లాగేసి ప్రాంతాలవారీ జట్లు కట్టింది. క్లబ్బులకు మిగిలింది ఇలాంటి పేటల కుర్రాళ్ళే.

అదే ఏడాది జర్మనీ ఫ్యాక్టరీల్లో నిర్బంధ చాకిరీకి రమ్మని అతనికి తాఖీదు వచ్చింది. వెళ్ళలేదు, అజ్ఞాతంలోకి దిగాడు. విదేశీ, వలస కార్మికులతో ఏర్పడిన సాయుధ దళంలో చేరాడు. పారిస్‌లో ఆ దళాలకు నాయకత్వం వహించినవాడు అర్మీనియన్ కవి మిసాక్ మనూషియాన్. ఇక్కడే రీనో జీవితంలో నమ్మశక్యం కాని సంగతి ఒకటుంది. పోలీసుల కంట పడకుండా తిరుగుతూ, దాడుల్లో పాల్గొంటూ, మరోవైపు సొంత పేరుతోనే ఫుట్‌బాల్ ఆడాడు. దాక్కోవలసినవాడు నలుగురి ముందు మైదానంలో పరిగెత్తాడు.

1943 నవంబరు 12న పారిస్ లఫాయెత్ వీధిలో జర్మన్ల డబ్బు తీసుకెళ్ళేవాళ్ళ మీద దాడి బెడిసికొట్టింది. రీనోకు తూటా తగిలింది, దొరికిపోయాడు. ఆ తరవాత కొన్ని రోజుల్లోనే మనూషియాన్ కూడా పట్టుబడ్డాడు. 1944 ఫిబ్రవరిలో జర్మన్ సైనిక కోర్టు 23 మందికి మరణశిక్ష వేసింది. వీళ్ళంతా పరదేశి నేరగాళ్ళని జనాన్ని నమ్మించడానికి పది ముఖాలతో ఎర్రటి పోస్టరు అచ్చేసి గోడలకు అంటించారు. ఆ పదింటిలో రీనో ముఖం లేదు. ఫిబ్రవరి 21న మోంట్ వలేరియన్‌లో 22 మందిని కాల్చారు. ఒక్కతే స్త్రీ, ఓల్గా బాంచిక్‌ను జర్మనీకి తీసుకుపోయి మే నెలలో తల నరికారు. రీనోకు అప్పటికి ఇరవయ్యేళ్ళు నిండి ఆరు నెలలు.

చావబోయే ముందు అతను తల్లిదండ్రులకు ఒకటి, తమ్ముడికి ఒకటి ఉత్తరాలు రాశాడు. తమ్ముడికి రాసినదాన్ని ఉత్తరం అనేకన్నా పురమాయింపుల చీటీ అనాలి. తెలిసినవాళ్ళందరినీ నా బదులు కావలించుకో. అర్జాంతయ్ క్లబ్బుకు వెళ్ళి చిన్నవాడి నుంచి పెద్దవాడి దాకా ఒక్కరినీ వదలకు. అందరూ కలిసి నన్ను తలుచుకుంటూ విందు చేసుకుని తప్పతాగండి. ఆ వరసలోనే, రెడ్ స్టార్‌లో అందరికీ నా పలకరింపూ సెలవూ చెప్పు. ఇదీ దాని సారాంశం.

రెడ్ స్టార్‌లో చేరి అప్పటికి ఎన్నాళ్ళయింది? ఆ సీజన్ మొదలైన కొన్ని వారాలకే పట్టుబడ్డాడు. అయినా ఇంటివాళ్ళ లెక్కలో వాళ్ళనూ కలిపేసుకున్నాడు. సభ్యత్వానికి రసీదు ముక్క చాలు. ఇలా కలుపుకోవడానికి ఏ రసీదూ సరిపోదు.

ఆ సెలవు మాట క్లబ్బుకు బాగా ఆలస్యంగా పనికొచ్చింది. 1975 తరవాత రెడ్ స్టార్ మళ్ళీ మొదటి డివిజన్ మొహం చూడలేదు. డివిజన్లు దిగింది, ఎక్కింది, అప్పుల్లో మునిగింది. కప్పులు లేని ఆ కాలంలో అభిమానులు రీనోను గట్టిగా పట్టుకున్నారు. 2004లో, అతని మరణానికి 60 ఏళ్ళయిన సందర్భంలో, బవేర్ మైదానంలో అతని పేరుతో ఫలకం పెట్టారు. తూర్పు స్టాండు 'రీనో దెల్లా నెగ్రా' అయింది. 2022లో దిమిత్రీ మనెసిస్, జాన్ విగ్రూ అనే చరిత్రకారులు అతని మీద ఏకంగా ఒక పుస్తకమే తెచ్చారు. 2024 ఫిబ్రవరి 21న, సరిగ్గా 80 ఏళ్ళకు, మనూషియాన్‌ను ఆయన భార్య మెలినేతో పాటు ఫ్రాన్స్ మహనీయుల సమాధి మందిరం పాంథియన్‌లోకి తీసుకెళ్ళారు. సహచరుల పేర్లతో అక్కడ పెట్టిన ఫలకంలో రీనో కూడా ఉన్నాడు. అదే ఏడాది రెడ్ స్టార్ రెండో డివిజన్‌కు ఎక్కింది.

మన ఇళ్ళలో గడప దాటేవాళ్ళు 'పోతాను' అనరు, 'వెళ్ళొస్తాను' అంటారు. రీనోకు అలా అనే వీలు లేకపోయింది. ఉన్నదున్నట్టు సెలవనే రాశాడు. అతను అనలేకపోయిన మాటను సాంతువాన్ జనం నిజం చేస్తున్నారు. స్టాండు నిండిన ప్రతిసారీ అతని పేరు మళ్ళీ వాళ్ళ నోట్లోకి వస్తోంది.