పేగు క్షయ: ఆనవాలు పట్టిన వైనం

విడపనకల్లు వైపు కడుపునొప్పి ముదిరితే పెద్దాసుపత్రికి అటు బళ్ళారికో, ఇటు అనంతపురానికో పోవాలి. నెలల తరబడి పొత్తికడుపు కుడివైపు నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే డాక్టరు అనుమానించే వాటిలో పేగు టీబీ ఒకటి. అనుమానించడం తేలికే, రుజువు చేయడమే మొదటినుంచీ కష్టం.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని లోకానికి చూపాడు. తెమడకు రంగు పట్టించి క్రిమిని చూసే పద్ధతి వెంటనే వచ్చి, ఊపిరితిత్తుల క్షయకు దారి చూపింది. పేగు సంగతి వేరు. మింగిన తెమడతోనో, కాచని పాలతోనో లోపలికి చేరిన క్రిమి ఎక్కువగా చిన్నపేగు పెద్దపేగులో కలిసేచోట తిష్ఠ వేస్తుంది. అక్కడ అది ఉండేదే కొద్దిగా. రంగు వేసినా దొరకదు.

1895లో ఎక్స్‌రే వచ్చింది. ఎక్స్‌రేలో పేగు కనబడేందుకు ఇచ్చే బేరియం, పుండుపడిన భాగంలో నిలవకుండా జారిపోతుందని 1911లో స్టీర్లిన్ గుర్తించాడు. ఆ బొమ్మ పుండు ఎక్కడుందో చెప్పిందిగాని, ఎందుకుందో చెప్పలేదు. రాయలసీమలో 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం మొదలైంది. అప్పటికి విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండే వైద్యం.

1932లో న్యూయార్క్‌లో క్రోన్, ఆయన సహచరులు క్షయ కాకపోయినా అదేచోట పుండ్లు పుట్టించే మరో జబ్బును వర్ణించారు. చిక్కు రెట్టింపైంది. క్రోన్ పేరుతో పిలిచే ఆ జబ్బే అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే లోపలున్న క్షయ చెలరేగుతుంది. ఈ రెంటికీ తేడాలను 1972లో ఢిల్లీ వైద్యులు టాండన్, ప్రకాశ్ సూక్ష్మదర్శిని కింద విడదీసి చూపారు.

పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ వచ్చాక కోత లేకుండానే పుండు నుంచి ముక్క తీయగలిగారు. అడ్డంగా పాకిన పుండ్లు క్షయ వైపు, నిలువుగా సాగినవి క్రోన్ వైపు మొగ్గు చూపుతాయి. ముక్కలో జున్నులా కుళ్ళిన కణుపు కనబడితే క్షయ అనడానికి గట్టి ఆధారం. ఇప్పుడు సీబీనాట్ యంత్రం క్రిమి జన్యువును గంటల్లో పసిగడుతుంది. అయినా క్రిములు తక్కువగా ఉన్నచోట అదీ తప్పిపోవచ్చు. ఫలితం 'లేదు' అని వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు.

అందుకే తేలని కేసుల్లో ముందు టీబీ మందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలలకు మళ్ళీ కెమెరాతో చూస్తారు. పుండు మానితే క్షయ అని తేల్చి కోర్సు పూర్తి చేయిస్తారు. మానకపోతే మందులకు లొంగని క్షయా, క్రోనా అని మళ్ళీ వెతుకుతారు. ఇన్ని యంత్రాలు వచ్చాక కూడా చివరి సాక్ష్యం మందు చేతిలోనే ఉంది. నొప్పి తగ్గిందని రోగి మధ్యలో మాత్రలు మానేస్తే వైద్యమే కాదు, ఆ సాక్ష్యమూ పోతుంది.