జొన్న పక్కన కంది

నేడు మా నిజాంపేట అంగళ్లలో జొన్నపిండి, కొర్రలు, అరికెలు రంగురంగుల సంచులలో ఠీవిగా కొలువుదీరి ఉన్నాయి. పూర్వులు జొన్నలు తిని నిండు నూరేళ్లు బ్రతికారని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వైద్యచరిత్ర ఆ మాటను అంత సులభంగా ఒప్పుకోదు. ఒక ఆహారం దేహానికి ఏమి చేస్తుంది, నేలకు, నీటికి ఏమి చేస్తుంది అన్న రెండు లెక్కలను కలిపి చూడగోరేవారు జొన్న చరిత్ర తెలుసుకోవాలి.

1918లో కూనూరులో మెకారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. అక్కడి డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంటియా పరిశీలించిన వ్యాధులలో పెల్లాగ్రా ఒకటి. ఎండ తగిలే చోట చర్మం నల్లబారి పొలుసులు లేస్తుంది. మెడ చుట్టూ హారం వలె మచ్చ పడుతుంది. విరేచనాలు, ముదిరితే మతిభ్రమణం. నేను వైద్యవిద్యార్థిగా ఉన్న రోజులలో ఇటువంటి రోగులు వార్డులలో ఇంకా కనిపించేవారు. ఐరోపాలో, అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఇది మొక్కజొన్న మీద బ్రతికే పేదల వ్యాధి. ఇది అంటువ్యాధి కాదని, తిండి లోపమని గోల్డ్‌బర్గర్ అక్కడ నిరూపించాడు. నయాసిన్ అనే విటమిను కొరతే కారణమని 1937 తరువాత తేలింది.

దక్కనులో మాత్రం ఇది జొన్న తినేవారికి వచ్చింది. జొన్నలోని లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి నయాసిన్ పనిని చెడగొడుతున్నదని గోపాలన్, శ్రీకంటియా 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతంపై తరువాత చాలా వాదాలు నడిచాయి. అయితే ఒక విషయంలో వివాదం లేదు. పప్పు, పాలు, మాంసం చాలినంత దొరికిన ఇళ్లలో ఈ వ్యాధి అరుదు. రొట్టె, కారం తప్ప మరేమీ లేని కూలివాని ఇంటికే అది వచ్చేది. నల్లగొండ ఫ్లోరోసిస్ గ్రామాలలోనూ జొన్న ప్రధానాహారమైన వారి దేహంలో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తున్నదని ఇదే సంస్థ పరిశోధకులు చూపారు. గింజ ఒక్కటే కాదు, దాని పక్కనున్న పప్పు, తాగే నీరు కూడా లెక్కలోకి వస్తాయి.

ఇక చేను సంగతి. తెలంగాణ రైతు జొన్నను ఒంటరిగా విత్తేవాడు కాదు. సాళ్ల మధ్య కందిని వేసేవాడు. 1972లో పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్ ఈ పాత పద్ధతినే కొలిచి చూసింది. జొన్న మూడు నాలుగు నెలలలో కోతకు వస్తుంది. అంతవరకు నెమ్మదిగా పెరిగిన కంది, నేలలో మిగిలిన తేమతో ఆ తరువాత కాపుకు వస్తుంది. కంది వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టుకుంటాయి. విడివిడిగా వేసిన పైరులకంటె జంటపైరుకే ఎకరం మొత్తం ఫలితం మిన్న అని తేలింది. పళ్లెంలో ఏ జోడు ఉండాలో చేనులోనూ అదే జోడు ఉండేది. పేదవాని పళ్లెం చేరేలోగా కంది అమ్ముడైపోయేది. నా దృష్టిలో పెల్లాగ్రా కథంతా ఇదే.

పిమ్మట వరి వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఆకలిని తీర్చింది. దానిని తక్కువ చేసి మాట్లాడేవారు ఆకలిని చూడనివారు. 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తుతో బోర్ల కింద కూడా మడులు పరచుకున్నాయి. నిలిచిన నీటి అడుగున, గాలి ఆడని బురదలో సూక్ష్మజీవులు మీథేన్‌ను పుట్టిస్తాయి. బొగ్గుపులుసు వాయువుకంటె అది నూరేళ్ల లెక్కలో సుమారు 27 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. దేహం వైపు చూస్తే, కూర్చుని పనిచేసే ఈ ఐటీ వాడలో పాలిషు పట్టిన అన్నం ప్రతి పూటా పళ్లెం నిండా ఉండడం మధుమేహానికి దారి చూపుతున్నది.

జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో 2000 కేలరీల రోజుకు సూచించిన ధాన్యం 250 గ్రాములు. కూరగాయలు 400 గ్రాములు. పప్పులు లేదా గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు. తెలంగాణలో 2025 ఉగాది నుండి రేషనులో సన్నబియ్యం ఇస్తున్నారు, మనిషికి నెలకు 6 కిలోలు, అనగా రోజుకు 200 గ్రాములు. ధాన్యం వాటా దాదాపు అక్కడే తీరిపోయింది. నెలకు మనిషికి కావలసిన రెండున్నర కిలోల పప్పును మాత్రం కుటుంబం బజారు ధరకే కొనుక్కోవాలి.