1918: ప్రాణం తీసింది ఏ న్యుమోనియా?

1918 సెప్టెంబరులో అమెరికాలోని క్యాంప్ డెవెన్స్ సైనిక శిబిరంలో శవపరీక్ష బల్ల దగ్గర నిలబడిన పాథాలజిస్టు విలియం వెల్చ్, తెరిచిన ఛాతీలో నీలం తిరిగి, ఉబ్బి, తడి నురుగు కమ్మిన ఊపిరితిత్తులను చూసి కలవరపడ్డారు. ఆ దృశ్యం వల్లనే కాబోలు, ఆ ఏటి ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి నేరుగా ఊపిరితిత్తులను ముంచి మనుషులను చంపిందన్న నమ్మకం నేటికీ బలంగా ఉంది. కానీ ఆనాటి శవపరీక్షల్లో రెండో రకం ఊపిరితిత్తి కూడా కనిపించింది: చీముతో గట్టిపడి, న్యుమోకాకస్, స్ట్రెప్టోకాకస్ లాంటి బాక్టీరియాతో నిండినది. రెండింటినీ చూసిన వైద్యులు వాటిని విడదీసి చెప్పలేకపోవడానికి కారణం ఉంది. 1892లో రిచర్డ్ ఫైఫర్ ఒక బాక్టీరియానే ఫ్లూ కారకమని ప్రకటించాడు. అసలు వైరస్‌ను లండన్‌లో స్మిత్, ఆండ్రూస్, లైడ్లా అనే శాస్త్రవేత్తలు మనుషుల నుంచి వేరు చేసింది 1933లోనే.

ఆ తేడా రోగి మంచం పక్కన స్పష్టమైంది 1957–58 ఫ్లూ మహమ్మారిలో. న్యూయార్క్‌లో రోగులను పరిశీలించిన వైద్యులు రెండు దారులు గుర్తించారు. ఒక దారిలో ఫ్లూ మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే ఆయాసం ముదిరి, పెదవులు నీలమవుతాయి. అది వైరస్ న్యుమోనియా. రెండో దారిలో జ్వరం తగ్గి, రోగి కోలుకుంటున్నాడనుకునే వేళ మళ్లీ చలి, ఛాతీ నొప్పి, చీము కఫం మొదలవుతాయి. అది వెనకాల వచ్చిన బాక్టీరియా న్యుమోనియా. ఈ కళ్లతో 1918ని మళ్లీ చూసినవారు మొరెన్స్, టౌబెన్‌బర్గర్, ఫౌచీ అనే అమెరికన్ పరిశోధకులు. నాడు చనిపోయిన 58 మంది ఊపిరితిత్తుల కణజాలాన్ని పరీక్షించి, దాదాపు అన్నింటిలోనూ తీవ్రమైన బాక్టీరియా న్యుమోనియా ఆనవాళ్లున్నాయని 2008లో ప్రకటించారు.

చనిపోయాక పెరిగిన బాక్టీరియాను చూసి పొరబడ్డారేమో అని అనవచ్చు. అయితే గాలి సంచుల్లో తెల్లకణాలు గుంపుకట్టి ఉండటం ప్రాణమున్న శరీరం చేసిన పోరాటానికి గుర్తు. శవంలో అది జరగదు. అలాగైతే వైరస్ నిర్దోషా? కాదు. శ్వాసనాళాల లోపలి పొరను వైరస్ చీల్చకపోతే, గొంతులో ఊరికే ఉన్న ఆ బాక్టీరియా అంత లోతుకు దిగేది కాదు. రెండూ కలిసే వస్తాయి కాబట్టి విడదీయడం వృథా అన్న మాట కూడా నిలవదు. యాంటీబయాటిక్ పనిచేసేది బాక్టీరియా మీదే, వైరస్ మీద కాదు. ఈ ఒక్క కారణం చాలు విడదీయాలనడానికి.

దీన్ని బట్టి ప్రతి మహమ్మారీ 1918 లాంటిదేనని అనుకుంటే మరో తప్పు చేసినట్టే. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవారిలో బాక్టీరియా సోకింది సుమారు 8 శాతం మందికేనని, అయినా నలుగురిలో ముగ్గురికి యాంటీబయాటిక్స్ ఇచ్చారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెల్లడించింది. అవసరం లేని ఆ మందులు ఎవరినీ కాపాడలేదు. మందులకు లొంగని బాక్టీరియా పెరగడానికి మాత్రం దోహదం చేశాయి. 1918 మనకు రెడీమేడ్ జవాబు ఇవ్వదు, అడగవలసిన ప్రశ్నను ఇస్తుంది. ప్రతి మహమ్మారిలో, ప్రతి రోగి దగ్గరా ఇది ఏ న్యుమోనియా అని అడిగి, పరీక్షతో తేల్చుకున్నాకే మందు కొనసాగించాలి.