గుడ్లగూబ కన్నుల కణము

చూచుట వేఱు, గుర్తెఱుగుట వేఱు. అక్షరములు రాని బాలునకును పుస్తకము కనబడును గాని చదువబడదు. సూక్ష్మదర్శినిలో మొదటిసారి చూచు వైద్యవిద్యార్థి గతియు నట్టిదే. మిక్కిలి పలుచగా కోసి, నీలపు రంగును ఎఱ్ఱరంగును పట్టించిన శరీరభాగమున నాతనికి చుక్కలు తప్ప మఱేమియు గానరావు. కణమెంత పెద్దది? దాని నడిమి కేంద్రకము గుండ్రనిదా, వంకరదా? ఒకటియా, రెండా? అని యొక్కొక్క ప్రశ్న వేసికొనుచు పలుమాఱులు చూడగా చూడగా, ఆ చుక్కలే వేర్వేఱు జాతుల కణములై విడివడును.

1858లో బెర్లినునందు విర్కో పండితుడు రోగమునకు నెలవు కణమేయని యుపన్యసించినది మొదలు, ఈ యక్షరాభ్యాసము వైద్యులకు విడువరానిదయ్యెను. ఆయన పాఠశాలలో బల్లలపై చిన్న పట్టాలు వేసి, సూక్ష్మదర్శినులను ఒక విద్యార్థి యొద్దనుండి మఱియొకని యొద్దకు నడిపించెడివారు.

ఈ విద్య ప్రయోజన మొక చరిత్రవలన తెలియును. మెడ మొదలగు చోట్ల గ్రంథులు వాచి మనుష్యుని క్షీణింపజేయు నొక వ్యాధిని 1832లో లండను వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ వర్ణించెను. 1898లో వియన్నాయందు కార్ల్ స్టెర్న్‌బర్గ్ అందలి వింతకణములను చక్కగా వర్ణించెను. కాని తాను చూచిన రోగులలో పెక్కండ్రకు క్షయయు నుండుటచే, నిది క్షయయొక్క రూపాంతరమేయని తలచెను.

ఈ చిక్కు విడదీసినది డొరొతీ రీడ్ అను యువతి. బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ వైద్యకళాశాల 1893లో తెఱవబడినపుడు, మేరీ గారెట్ మొదలగు స్త్రీలు, పురుషులతో సమానముగా స్త్రీలనుగూడ చేర్చుకొనవలెనను షరతుపై ధనమిచ్చిరి. ఆ ద్వారమున ప్రవేశించి రీడ్ 1900లో పట్టము పొందెను. 1902లో ఆమె ప్రకటించిన వ్యాసమున నా పెద్ద కణమును స్వహస్తముతో చిత్రించి చూపెను. దానిలో తఱచుగా రెండు కేంద్రకములు, ఒక్కొక్కదాని నడుమ నొక పెద్ద చుక్క. చూపునకు గుడ్లగూబ కన్నులవలె నుండును. క్షయవ్రణములలోని మహాకణము దీనికి భిన్నమని, ఈ వ్యాధి క్షయ కాదని ఆమె నిర్ధారించెను. నేడు చికిత్సచే పెక్కుమందికి నయమగుచున్న యీ వ్యాధిని కనిపెట్టుటకు, క్రొత్త రంజన పరీక్షలు తోడైనను, రీడ్-స్టెర్న్‌బర్గ్ కణమును వెదకుట మానలేదు.

ఆ సంవత్సరమే తనకు పై పదవి యేదియని ఆమె యడిగెను. స్త్రీకి బోధకపదవి యిచ్చు వాడుక యచ్చట లేదని సమాధానము వచ్చెను. ఆమె యా విద్యాలయమును విడిచి, తరువాత విస్కాన్సిన్ రాష్ట్రమున తల్లుల యొక్కయు శిశువుల యొక్కయు నారోగ్యమునకై పాటుపడెను. ఆ మేలు గొప్పదే. కాని సూక్ష్మదర్శిని కడ నామె పీఠము ఖాళీయయ్యెను.

కుమార్తెలను చదివింప నుద్యమించు తల్లిదండ్రు లీ సంగతి యోచింపదగును. ప్రవేశము దొరకినదని తృప్తినొందిన చాలదు. చదువు ముగిసిన పిమ్మట నామెకు కూర్చుండుటకు పీఠ మెక్కడనున్నదో యదియు నడుగవలెను.