విలేకరులపై నిషేధం

తమకు ప్రతికూలంగా వార్తలు రాసిన పాత్రికేయులను ఒక సంస్థ తన ఆవరణలోనికి రానివ్వకపోవడాన్ని, వారి ప్రశ్నలకు జవాబు చెప్పకపోవడాన్ని విలేకరులపై నిషేధం అంటారు. బ్రిటన్‌లోని ఫుట్‌బాల్ క్లబ్బులు ఈ పద్ధతిని పలుమార్లు అనుసరించాయి. తెలుగునాట ఈ వివాదం ఆటస్థలాలలో కంటే చట్టసభలలోను, కేబుల్ టెలివిజన్ రంగంలోను ఎక్కువగా తలెత్తింది. 2014లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానళ్ళ ప్రసారాలు నిలిచిపోవడం ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ. విమర్శకు గురైన సంస్థకు తలుపు మూసే హక్కు ఉన్నదా, ఆ తలుపు మూసినందువలన నష్టపోయేది ఎవరు అన్నవి ఈ చర్చలోని ప్రధానమైన ప్రశ్నలు.

నిషేధంలో రకాలు

వాడుకలో అన్నిటినీ నిషేధమనే పిలిచినప్పటికీ, వీటిని మూడు విధాలుగా విభజించవచ్చు.

* ప్రవేశ నిరాకరణ: విలేకరికి అక్రెడిటేషన్ ఇవ్వకపోవడం, ప్రెస్ బాక్సులోనికి గాని విలేకరుల సమావేశానికి గాని రానివ్వకపోవడం.
* మాట నిరాకరణ: ప్రవేశం ఉన్నా, ఆ పత్రికతో లేదా ఛానలుతో మాట్లాడకపోవడం.
* ప్రసార నిలిపివేత: వార్తను పాఠకునికి లేదా ప్రేక్షకునికి చేరవేసే మార్గాన్నే మూసివేయడం.

మొదటి రెండింటిలో విలేకరి పని కష్టమవుతుంది. మూడవదానిలో ప్రేక్షకునికి ఉన్న ఎంపిక పోతుంది. అందుచేత మూడవది అన్నిటికంటే తీవ్రమైనది.

ఫుట్‌బాల్ క్లబ్బులు

ఆటగాళ్ళు పత్రికలతో మాట్లాడడం మానివేసిన సందర్భాలలో 1982 ప్రపంచ కప్పు ప్రసిద్ధమైనది. స్వదేశీ పత్రికల విమర్శలకు ఆగ్రహించిన ఇటలీ జట్టు మౌనం పాటించింది. కెప్టెన్ డీనో జోఫ్ ఒక్కడే జట్టు తరఫున మాట్లాడేవాడు. ఆ కప్పును ఇటలీయే గెలుచుకున్నది.

మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ తన కుమారుని గురించి 2004లో బి.బి.సి. ప్రసారం చేసిన డాక్యుమెంటరీకి నిరసనగా ఆ సంస్థకు ఇంటర్వ్యూలు ఇవ్వడం మానివేశాడు. ఈ మౌనం 2011 వరకు, అంటే ఏడేళ్ళపాటు సాగింది.

2010 ఆగస్టులో సౌతాంప్టన్ క్లబ్బు తన మైదానంలోనికి బయటి ఫోటోగ్రాఫర్లను రానివ్వలేదు. ఇది విమర్శకు శిక్ష కాదు, చిత్రాలపై హక్కులకు సంబంధించిన నిర్ణయం. దీనికి ప్లిమత్ నగరానికి చెందిన హెరాల్డ్ పత్రిక ఫోటోలకు బదులు ఒక చిత్రకారుని చేత ఆట ఘట్టాలను కార్టూన్లుగా గీయించి ప్రచురించింది. నిషేధం వార్తను ఆపలేదు సరికదా, నిషేధమే వార్త అయింది.

2013 అక్టోబరులో న్యూకాసిల్ యునైటెడ్ క్లబ్బు స్థానిక పత్రికలైన క్రానికల్, జర్నల్, సండే సన్‌లను నిషేధించింది. క్లబ్బు యజమాని మైక్ యాష్లీకి వ్యతిరేకంగా అభిమానులు జరిపిన ప్రదర్శనకు ఆ పత్రికలు ఇచ్చిన ప్రాధాన్యం ఇందుకు కారణం. 2015లో స్విండన్ టౌన్ క్లబ్బు విలేకరుల సమావేశాలనే మానుకొని తన సొంత మాధ్యమాలపై ఆధారపడాలని నిర్ణయించింది. అదే సంవత్సరం స్కాట్లండ్‌కు చెందిన రేంజర్స్ క్లబ్బు ఒక బి.బి.సి. విలేకరికి ప్రవేశం నిరాకరించగా, బి.బి.సి. తన సిబ్బందిని ఆ మైదానానికి పంపడమే మానివేసింది.

లివర్‌పూల్, ది సన్ పత్రిక

పై ఉదాహరణలన్నిటికీ భిన్నమైనది లివర్‌పూల్ ఉదంతం. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాట కారణంగా 97 మంది లివర్‌పూల్ అభిమానులు మరణించారు. దుర్ఘటన జరిగిన నాలుగు రోజులకు ది సన్ పత్రిక అభిమానులపై నీచమైన నేరారోపణలు చేస్తూ మొదటి పేజీ కథనం ప్రచురించింది. అవి అసత్యాలని తరువాత తేలింది. అభిమానుల ప్రవర్తన ఈ ప్రమాదానికి కారణం కాదని 2016లో న్యాయవిచారణ జ్యూరీ నిర్ధారించింది. 2017 ఫిబ్రవరిలో లివర్‌పూల్ క్లబ్బు, ఏప్రిల్‌లో అదే నగరానికి చెందిన ఎవర్టన్ క్లబ్బు ఆ పత్రిక విలేకరులను నిషేధించాయి.

న్యూకాసిల్‌లో నిషేధం అభిమానుల గొంతుకు వ్యతిరేకంగా వచ్చింది. లివర్‌పూల్‌లో అభిమానులే, మృతుల బంధువులే దానిని కోరారు. నిషేధాలను సమర్థించేవారు ఎక్కువగా ఉదహరించేది ఈ సంఘటననే.

భారతదేశంలో క్రీడారంగం

2012 నవంబరులో ఇంగ్లండ్ క్రికెట్ జట్టు భారత పర్యటన సందర్భంగా భారత క్రికెట్ నియంత్రణ మండలి కొన్ని ఫోటో సంస్థలకు అక్రెడిటేషన్ నిరాకరించింది. అందుకు నిరసనగా కొన్ని అంతర్జాతీయ వార్తా సంస్థలు ఆ పోటీల వార్తలను, చిత్రాలను నిలిపివేశాయి.

2022 మే నెలలో ఇదే మండలి ఒక క్రీడా పాత్రికేయునిపై రెండేళ్ళ నిషేధం విధించింది. ఇంటర్వ్యూ ఇవ్వనందుకు ఒక ఆటగాడిని బెదిరించాడన్నది ఆరోపణ. మండలి ఒక కమిటీ ద్వారా విచారణ జరిపిన తరువాతనే ఈ నిర్ణయం తీసుకున్నది. ఇది రాసినదానికి కాక ప్రవర్తనకు విధించిన శిక్ష అన్నది గమనించదగినది.

హైదరాబాదు ఫుట్‌బాల్

1950లలో ఎస్.ఎ. రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు దేశంలోని మేటి జట్లలో ఒకటిగా వెలుగొందింది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి విజేతగా నిలిచింది. అయితే తరువాతి కాలంలో ఆటగాళ్ళకు, సిబ్బందికి జీతాలు చెల్లించలేని స్థితికి చేరి, 2023-24లో పట్టికలో చివరి స్థానంలో నిలిచింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది.

జీతాల బకాయిలను బయటపెట్టే వార్త ఏ క్లబ్బు యజమానికైనా ప్రతికూలమైన వార్తే. కాని జీతం అందని ఆటగానికి, టికెట్టు కొన్న అభిమానికి అది అవసరమైన వార్త. ప్రతికూలమైనది, అసత్యమైనది ఒకటి కావని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

తెలుగు రాష్ట్రాలలో

తెలుగునాట క్రీడా క్లబ్బుల కంటే రాజకీయ సంస్థలకు, పత్రికలకు మధ్యనే ఇటువంటి సంఘర్షణలు ఎక్కువగా జరిగాయి.

'పెద్దల గలభా'

1983లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సమావేశంపై ఈనాడు దినపత్రిక ఈ శీర్షికతో వార్త ప్రచురించింది. ఇది సభాహక్కుల ఉల్లంఘన అని మండలి భావించి సంపాదకుడు రామోజీరావును సభకు రప్పించాలని నిర్ణయించింది. 1984లో సుప్రీంకోర్టు జోక్యంతో ఆయన అరెస్టు నిలిచిపోయింది. 1985లో శాసనమండలి రద్దయింది. అది తిరిగి 2007లో ఏర్పడింది.

తెలంగాణ, 2014

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. కొద్ది రోజులకే, కొత్త శాసనసభ్యుల ప్రమాణ స్వీకారాన్ని ఎగతాళి చేస్తూ టీవీ9 ఒక వ్యంగ్య కార్యక్రమం ప్రసారం చేసింది. అది తెలంగాణ ప్రజల భాషను, సంస్కృతిని అవమానించినదని శాసనసభలో సభ్యులు ఆగ్రహం వ్యక్తం చేశారు. టీవీ9 క్షమాపణ చెప్పింది. అయినా జూన్ మధ్య నుండి కేబుల్ సంస్థలు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలను నిలిపివేశాయి. ఇది కేబుల్ ఆపరేటర్లు స్వయంగా తీసుకున్న నిర్ణయమని ప్రభుత్వం చెప్పగా, దాని వెనుక ప్రభుత్వమే ఉన్నదని ఛానళ్ళు, పాత్రికేయ సంఘాలు ఆరోపించాయి.

2014 సెప్టెంబరు 9న, కాళోజీ నారాయణరావు శతజయంతి నాడు, ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు వరంగల్‌లో ఈ ఛానళ్ళను తీవ్రంగా హెచ్చరిస్తూ మాట్లాడారు. తెలంగాణను అవమానించేవారిని పది కిలోమీటర్ల లోతున పాతిపెడతామన్న ఆ వ్యాఖ్య దేశవ్యాప్తంగా విమర్శలకు గురైంది. టీవీ9 ప్రసారాలు ముందుగా తిరిగి మొదలయ్యాయి. ఏబీఎన్ ప్రసారాలు ఏడాదికి పైగా నిలిచి ఉన్నాయి.

ఈ వివాదంలో రెండు పక్షాలకూ కొంత బలం ఉన్నది. తెలంగాణ యాసను సినిమాలలో, మాధ్యమాలలో చిన్నచూపు చూశారన్న బాధ ఉద్యమకాలం నుండి ఉన్నదే. అయితే ఒక కార్యక్రమంలోని తప్పుకు ఛానలు మొత్తాన్ని, విచారణ లేకుండా, గడువు లేకుండా నిలిపివేయడం సబబేనా అన్నది విమర్శకుల ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్, 2019-2024

2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చిన తరువాత టీవీ5, ఏబీఎన్ ప్రసారాలు పలుచోట్ల నిలిచిపోయాయి. ఆ వివాదం టెలికాం వివాదాల పరిష్కార ట్రిబ్యునల్ వరకు వెళ్ళింది. అదే సంవత్సరం అక్టోబరులో, తప్పుడు వార్తలపై చర్యలు తీసుకునే అధికారాన్ని ఆయా శాఖల కార్యదర్శులకు ఇస్తూ ప్రభుత్వం 2430 సంఖ్య గల ఉత్తర్వు జారీ చేసింది. డిసెంబరులో శాసనసభ సమావేశాల ప్రసారం విషయమై మూడు ఛానళ్ళపై ఆంక్షలు విధించారు.

2024 జూన్‌లో తెలుగుదేశం కూటమి అధికారంలోనికి వచ్చింది. శాసనసభలో పాత ఆంక్షలు తొలగిపోయాయి. కాని అదే నెలలో టీవీ9, సాక్షి టీవీ, ఎన్టీవీ, 10టీవీ ప్రసారాలు కేబుల్‌లో నిలిచిపోయాయని ఫిర్యాదులు వచ్చాయి. టీవీ9 ప్రసారాలను పునరుద్ధరించాలని ఢిల్లీ హైకోర్టు కేబుల్ సంస్థలను ఆదేశించింది.

పాలకులు మారినప్పుడు ఆగిపోయే ఛానళ్ళ పేర్లు మాత్రమే మారాయి, పద్ధతి మారలేదు.

సమర్థించేవారి వాదన

* క్లబ్బు మైదానం ప్రైవేటు ఆస్తి. ఎవరిని ఆహ్వానించాలన్నది యజమాని ఇష్టం.
* పత్రికా స్వేచ్ఛ అంటే రాసే స్వేచ్ఛ మాత్రమే. అడిగిన ప్రతివారికీ ఇంటర్వ్యూ ఇవ్వాలన్న నియమం లేదు.
* పరువునష్టం దావాలు ఏళ్ళ తరబడి సాగుతాయి. తెలిసి అసత్యాలు రాసేవారికి వెంటనే జవాబు ఇచ్చే సాధనం ఇదొక్కటే.

వ్యతిరేకించేవారి వాదన

* విమర్శకు శిక్ష పడుతుందని తెలిస్తే మిగిలిన విలేకరులు కూడా జంకుతారు. నిషేధం ఒకరికే అయినా భయం అందరికీ చేరుతుంది.
* క్లబ్బు అభిమానుల డబ్బుతోను, ప్రభుత్వం ప్రజల పన్నులతోను నడుస్తాయి. వారికి లెక్క చెప్పవలసిన బాధ్యత వీటికి ఉన్నది.
* ప్రవేశం లేని విలేకరి వినికిడి మాటలపై ఆధారపడతాడు. అప్పుడు తప్పులు తగ్గకపోగా పెరుగుతాయి.
* కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని జైనూర్ వంటి దూరప్రాంత మండలంలో ఉండేవారు గచ్చిబౌలి మైదానానికో, శాసనసభ గ్యాలరీకో వెళ్ళి చూడలేరు. వారి తరఫున చూసేది విలేకరి కాబట్టి, నష్టపోయేది అంతిమంగా వారే.

చట్టపరమైన స్థితి

భారత రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం భావప్రకటన స్వేచ్ఛను హామీ ఇస్తుంది. పత్రికా స్వేచ్ఛ అందులో భాగమేనని న్యాయస్థానాలు తీర్పులు ఇచ్చాయి. అయితే ఈ హక్కు ప్రధానంగా ప్రభుత్వ చర్యల నుండి రక్షణ ఇస్తుంది. క్రీడా సంస్థల విషయంలో, క్రికెట్ నియంత్రణ మండలి రాజ్యాంగపరంగా ప్రభుత్వ నిర్వచనంలోనికి రాదని 2005లో జీ టెలీఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాని అది ప్రజాసంబంధమైన విధులు నిర్వహిస్తున్నందువలన 226వ అధికరణం క్రింద హైకోర్టును ఆశ్రయించవచ్చునని పేర్కొన్నది.

హైదరాబాద్ ఎఫ్.సి. ఆడిన గచ్చిబౌలి బాలయోగి స్టేడియం ప్రభుత్వ ఆస్తి. ఇటువంటి మైదానాలలో ఆడే క్లబ్బులకు 'మా ఇల్లు, మా ఇష్టం' అన్న వాదన బ్రిటిష్ క్లబ్బులకు వర్తించినంతగా వర్తించదని చెప్పవచ్చు.

ప్రత్యామ్నాయాలు

ప్రతికూల వార్తకు జవాబుగా నిషేధం కాక వేరే మార్గాలు ఉన్నాయి. వివరణ పంపి ప్రచురించమని కోరడం వీటిలో మొదటిది. దినపత్రికలపై ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంస్థ మొదట 1966లో ఏర్పడి, 1978 నాటి చట్టం క్రింద పనిచేస్తున్నది. అభిశంసించే అధికారమే తప్ప జరిమానా విధించే అధికారం దానికి లేదు. టెలివిజన్ దాని పరిధిలోనికి రాదు. చివరి మార్గం పరువునష్టం దావా.

నిషేధం తప్పనిసరి అనుకున్నప్పుడు కూడా కొన్ని షరతులు ఉండాలి: అది రాసిన అభిప్రాయానికి కాక రుజువైన అసత్యానికి లేదా దుష్ప్రవర్తనకు పరిమితం కావాలి. కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలి. విలేకరికి సంజాయిషీ చెప్పుకొనే అవకాశం, నిషేధానికి గడువు ఉండాలి. ఈ కొలతతో చూస్తే లివర్‌పూల్ నిర్ణయానికి గడువు లేకపోయినా రుజువైన అసత్యం ఆధారంగా ఉన్నది. న్యూకాసిల్ నిషేధానికి గాని, 2014 నాటి ప్రసార నిలిపివేతకు గాని ఈ షరతులు సరిపోవు.

ఇవి కూడా చూడండి

* భావప్రకటన స్వేచ్ఛ
* ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా
* హిల్స్‌బరో దుర్ఘటన
* హైదరాబాద్ ఎఫ్.సి.
* తెలుగు వార్తా ఛానళ్ళు